కుంటాల జలపాతం – ఒడ్డున కూర్చునే ఉద్యోగం

(మన సంఘం వార్షిక సమావేశంలో ఒక సభ్యుడు చేసిన ప్రసంగ పాఠం)



మన సమావేశాల్లో మామూలుగా వినిపించే మాటలు మీకు తెలుసు. డి.ఎ. వాయిదాలు, హెల్త్ కార్డులు, లైఫ్ సర్టిఫికెట్లు. అవి మన బతుకుకు అవసరమైనవే, కాదనను. వాటి గురించి సాధికారంగా చెప్పగలవారు ఈ వేదిక మీదనే ఉన్నారు. కార్యదర్శి గారు నన్ను పిలిచి, "ఈసారి ఆడవాళ్లు, పిల్లలు కూడా వస్తున్నారు, ఏదైనా ఆహ్లాదకరమైన విషయం మాట్లాడండి" అన్నారు. అందుకని జలపాతం గురించి మాట్లాడదామని వచ్చాను. ఆహ్లాదంతో మొదలుపెట్టినా మధ్యలో కొంచెం కటువైన సంగతులు కూడా చెప్పవలసి వస్తుంది. ఓపికతో వినవలసిందిగా మనవి.

మన ప్రాంతం వారికి జలపాతం అంటే ముందుగా గుర్తుకొచ్చేది కుంటాల. ఉమ్మడి ఆదిలాబాదు జిల్లాలో, నేరేడిగొండ మండలంలో, కడెం నది మీద ఉంది. ఎత్తు 147 అడుగులు, అంటే సుమారు 45 మీటర్లు. నీళ్లు ఒకేసారి దూకవు. రెండు అంచెలుగా దిగుతాయి. నిజామాబాదు నుంచి బయలుదేరితే ఆర్మూరు దగ్గర జాతీయ రహదారి ఎక్కి, సోన్ దగ్గర గోదావరి వంతెన దాటి, నిర్మల్ మీదుగా మహబూబ్ ఘాట్ ఎక్కి నేరేడిగొండ చేరుకోవాలి. అక్కడినుంచి లోపలికి 12 కిలోమీటర్లు. నిర్మల్ నుంచి చూస్తే అంతా కలిపి 40 కిలోమీటర్లకు అటూ ఇటూ. పొద్దున పోయి సాయంత్రానికి తిరిగి రావచ్చు.

శకుంతల పేరు మీదనే ఈ చోటికి కుంటాల అనే పేరు వచ్చిందని, దుష్యంతుడు ఆమెను ఇక్కడే చూశాడని అక్కడి వారు చెప్పుకుంటారు. చుట్టుపక్కల అడవుల్లో గోండుల గూడేలున్నాయి. జలపాతం దగ్గర సోమేశ్వరస్వామి కొలువై ఉన్నాడు. మహాశివరాత్రికి భక్తులు బాగా వస్తారు. శివరాత్రి నాటికి నీళ్లు సన్నబడిపోతాయి. నీళ్ల అందం చూడాలంటే వానలు పడి, నది నిండుగా పారి, కాస్త తేటపడిన రోజుల్లో పోవాలి. దసరా ప్రాంతం అందుకు మంచి అదను.

మేము పోయింది 2022 దసరా సెలవుల్లో. మా అబ్బాయి హైదరాబాదులో ఉంటాడు. భార్యాపిల్లలతో పండుగకు వచ్చాడు. మనవడికి అప్పుడు పదమూడేళ్లు, మనవరాలికి ఎనిమిది. జమ్మి పంచుకున్న మర్నాడు పొద్దున్నే కుంటాల పోదామని నిశ్చయమైంది. కారు మాట్లాడారు. మా కోడలు రాత్రే పులిహోర కలిపి పెట్టింది. మా ఇంటావిడ సకినాలు, సర్వపిండి డబ్బాల్లో సర్దుతూ కూర్చుంది. అప్పుడు మా అబ్బాయి నన్ను పక్కకు పిలిచి మెల్లగా అన్నాడు: "బాపూ, అమ్మ మోకాళ్లతోని అన్ని మెట్లు ఎట్ల దిగుతది? ఇంట్ల ఉంటే ఆమెకే నయం గదా?"

వాడు ప్రేమతోనే అన్నాడు. అందులో తప్పు పట్టడానికి ఏమీ లేదు. కుంటాలలో పైనుంచి కిందికి వందల మెట్లు దిగాలి, మళ్లీ అన్నీ ఎక్కాలి. దిగేటప్పుడు మోకాళ్లకు కష్టం, ఎక్కేటప్పుడు గుండెకు కష్టం. కాని మిత్రులారా, ఈ మాట మీలో ఎంతమంది ఇళ్లలో వినిపించి ఉంటుందో ఒక్కసారి ఆలోచించండి. "మీరెందుకు శ్రమపడటం, ఇంట్లో ఉండండి." మొదట జలపాతానికి వద్దంటారు. తరువాత పెళ్లికి వద్దంటారు. ఆ తరువాత మనమే, అడగకముందే, "మీరు పోయి రండి, నేను ఇంటికి కాపలా ఉంటాను" అనడం నేర్చుకుంటాం.

నేను మా అబ్బాయితో, "అమ్మ మెట్లు దిగదు. పైన కూసుంటది. పైన కూసున్నోళ్లకు గూడ పని ఉంటది" అన్నాను. ఆ పని ఏమిటో చెప్పడానికే ఈరోజు మీ ముందు నిలబడ్డాను.

నేను నీటిపారుదల శాఖలో పనిచేసినవాణ్ణని మీకు తెలుసు. ఇక్కడున్న చాలామంది ఆ బాపతే. ఇతర శాఖల మిత్రుల కోసం, పిల్లల కోసం ఒక చిన్న లెక్క చెబుతాను. ఒక ఎకరం భూమి మీద గంటసేపట్లో ఒక అంగుళం వాన కురిసి, ఆ నీళ్లన్నీ పారితే అది ఒక క్యూసెక్కు. అంటే సెకనుకు ఒక ఘనపుటడుగు, మన లెక్కలో 28 లీటర్లకు పైన. చదరపు మైలుకు 640 ఎకరాలు. కాబట్టి చదరపు మైలుకు సుమారు 640 క్యూసెక్కులు. పది చదరపు మైళ్ల గుట్టల మీద గంటసేపు అలాంటి వాన పడితే 6,400 క్యూసెక్కులు. కొంత భూమిలో ఇంకుతుందనుకోండి. కాని వానాకాలం చివర భూమి అప్పటికే తడిసి ఉంటుంది, ఇంకేది తక్కువ. పైగా గుట్టల మీద వాలు ఎక్కువ. మైదానంలో నాలుగు చెరువులు నింపుకుంటూ నిదానంగా వచ్చే నీళ్లు, గుట్టల్లో ఆగే చోటు లేక ఒక్కసారిగా వాగులోకి చేరుతాయి. ఆ వాగు చివర ఇరుకైన రాతి గొంతు ఉంటే దానినే మనం జలపాతం అంటాం. అక్కడే మన పిల్లలు ఫోటోలు దిగుతుంటారు.

కడెం నది స్వభావం ఎటువంటిదో మన శాఖ వారికి వేరే చెప్పనక్కరలేదు. కుంటాల దూకిన నీళ్లే కిందికి పోయి కడెం ప్రాజెక్టులో చేరుతాయి. 1958 వరదకు ఆ కట్ట తెగిన సంగతి పాత లస్కర్లు కథలుగా చెబుతుంటే మనం విన్నాం. 2022 జూలైలో అయిదు లక్షల క్యూసెక్కులకు పైగా వరద వచ్చింది. ఆ ప్రాజెక్టు 18 గేట్లూ ఎత్తినా నాలుగు లక్షల క్యూసెక్కులు పోవు. అందులోనూ ఒక గేటు మొరాయించింది. దిగువ గ్రామాలను ఖాళీ చేయించారు. ఆ రాత్రి కట్ట నిలబడుతుందా లేదా అని టీవీల ముందు మనమంతా కూర్చున్నాం. నిలబడింది. మేము కుంటాల పోయింది అది జరిగిన మూడు నెలలకే. మామూలు రోజుల్లో పిల్లలు గులకరాళ్లు ఏరుకునే నది అదే, లక్షల క్యూసెక్కులు మోసుకొచ్చిన నదీ అదే.

ఇక మా ప్రయాణం సంగతికి వస్తాను. దారి పొడుగునా ఒకవైపు పత్తి చేలు, ఒకవైపు సోయా కోతలు. బతుకమ్మలు పేర్చగా మిగిలిన తంగేడు పూలు ఇంకా గట్ల మీద పచ్చగా ఉన్నాయి. ఘాట్ ఎక్కేటప్పుడు టేకు చెట్ల మధ్య చల్లగాలి తగిలింది. మనవరాలు కిటికీలోంచి కోతులను లెక్కపెట్టింది. కుంటాల చేరేసరికి పది గంటలైంది. కారు దిగగానే, కనబడకముందే చప్పుడు వినబడింది. సర్వీసులో ఎన్ని అలుగులు పారగా విన్నానో, ఆ చప్పుడు వింటే ఇప్పటికీ కాలు ఆగదు.

పైన, మెట్లు మొదలయ్యే చోట, చెట్టు నీడన మా ఇంటావిడకు చాప పరిచాము. పక్కనే ఒక ఆమె కుంపటి పెట్టుకుని మక్కకంకులు కాలుస్తున్నది. అయిదు నిమిషాల్లో ఇద్దరికీ స్నేహం కుదిరింది. అక్కడినుంచి నది ఎగువ వైపు గుట్టలు బాగా కనిపిస్తాయి. నేను ఆమెతో, "నువ్వు ఎగువ గేజి స్టేషనువు. బోథ్, బజార్‌హత్నూర్ దిక్కు మబ్బు కమ్మితే కబురు పంపు" అన్నాను. ఆమె నవ్వింది గాని చాప మాత్రం తనే జరుపుకుని ఆ దిక్కుకు తిరిగి కూర్చుంది.

మేము నలుగురం, నేను అయిదోవాణ్ణి, కిందికి దిగాం. నేను ఇరవై మెట్లకొకసారి ఆగి, చెయ్యి కర్రమీద పెట్టుకుని, మెల్లగా దిగాను. కిందికి పోయాక ఆ దృశ్యం చెప్పడానికి నా దగ్గర మాటలు లేవు. నల్లటి బండల మీదుగా తెల్లటి నీళ్లు. మొహం మీద తుంపర. మాట్లాడితే పక్కవాడికి వినబడదు. మా కోడలు పెళ్లయిన తరువాత అంత గట్టిగా నవ్వగా నేను అప్పుడే చూశాను.

ఒడ్డున ఒక రాయి చూసుకుని కూర్చున్నాను. మనవణ్ణి పిలిచి నీటి అంచున సగం మునిగి ఉన్న ఇంకొక రాయి చూపించాను. దాని మీద తెల్లటి చార ఒకటి ఉంది. "ఇదిరా మన గేజి. అయిదు నిమిషాలకొకసారి చూసి, చార ఎంత పైనున్నదో నాకు చెప్పాలె. నువ్వు ఇయ్యాల గేజి రీడర్‌వు" అన్నాను. వాడికి హుషారు వచ్చింది. చెల్లెలిని అసిస్టెంటుగా పెట్టుకున్నాడు. మడుగుల్లోకి దిగరాదని, అంచున పాదాలు తడుపుకోవడం వరకే అని ముందే చెప్పుకున్నాం. పాకురు పట్టిన బండ మీద రబ్బరు చెప్పు నిలవదు. నురుగు నీళ్లలో గాలి ఎక్కువ ఉంటుంది, అది మనిషిని తేల్చదు. జలపాతం కింది గుంట ఎంత లోతో పైనుంచి చూసి ఎవరూ చెప్పలేరు. ఈత వచ్చినవాళ్లు కూడా అక్కడ పోతున్నారు. 

అట్లా గంటకు పైగా గడిచింది. అప్పుడు మక్కకంకుల ఆమె కొడుకు, పదిహేనేళ్ల పిల్లవాడు, మెట్లమీద దూకుకుంటూ వచ్చి నా చెవి దగ్గర అరిచాడు: "పైన మబ్బు పట్టిందంట. అమ్మమ్మ మిమ్మల్నందర్నీ పైకి రమ్మంటున్నది!"

నేను తలెత్తి చూశాను. మా నెత్తిమీద ఎండ కాస్తున్నది. లోయలో ఉన్నవాడికి కనబడే ఆకాశం గుడ్డపేలిక అంత. ఎగువన ఏమి జరుగుతున్నదో అక్కడినుంచి తెలిసే అవకాశమే లేదు. లేచి చెయ్యి ఊపాను. మా అబ్బాయి మొహం చిట్లించాడు. "ఎండ కొడుతుంటే మబ్బేంది బాపూ? ఇంకో అర్ధగంట ఉందాం" అన్నాడు. మనవడు పరుగున వచ్చి నా పాఠం నాకే అప్పజెప్పాడు: "తాతా, గేజి ఏం మారలే. చార అక్కడనే ఉంది. ఎందుకు పోవాలె?"

మంచి ప్రశ్న. ఈ ప్రశ్నకు జవాబు మన శాఖలో ప్రతి వానాకాలం మనం చెప్పినదే. మన దగ్గరున్న గేజి వచ్చిన నీళ్లు చెబుతుంది. రాబోయే నీళ్లు ఎగువ స్టేషను చెబుతుంది. ఎగువనుంచి వైర్‌లెస్ సందేశం వస్తే, ఇక్కడ నీళ్లు పెరిగేదాకా ఆగుదామని ఏ ఇంజనీరూ కూర్చోలేదు. వాడికి అంత వివరంగా చెప్పే సమయం లేదు. "గేజి మారకముందు బయలుదేరితే నడిచి పోతం. మారినంక అయితే ఉరకాలె. నేను ఉరకలేను బిడ్డా" అన్నాను. ఆ చివరి మాటతో అబ్బాయి ఇంకేమీ అనలేదు. చెల్లెలి చెయ్యి పట్టుకుని మనవడు ముందు నడిచాడు, మూతి ముడుచుకుని.

పైకి ఎక్కి చూస్తే ఎగువ గుట్టల మీద నల్లటి మబ్బు, దానికింద వాన తెర స్పష్టంగా కనిపిస్తున్నది. తరువాత ఏమైందని మీరు అడుగుతారు. ఏమీ కాలేదు. మేము అన్నాలు తిన్నాం. మా మీద నాలుగు చినుకులు పడ్డాయి. మబ్బు ఉట్నూరు దిక్కుకు పోయింది. మేము బయలుదేరేవరకు నీళ్లు తెల్లగానే ఉన్నాయి. మనవడు నిర్మల్ దాకా ఎవరితోనూ మాట్లాడలేదు. మా అబ్బాయి బండి ఎక్కుతూ, "ఏం కాలే గద బాపూ, ఉత్తగనే ఆగమైనం" అన్నాడు.

మిత్రులారా, నేను ఈ కథను ఇంకొక రకంగా ముగించి చెప్పవచ్చు. మేము పైకి రాగానే ఎర్రటి నీళ్లు వచ్చి ఆ రాయిని ముంచేశాయని చెబితే మీరు చప్పట్లు కొట్టేవారు. కాని జరిగింది జరిగినట్టే చెబుతున్నాను. ఎందుకంటే పదిసార్లు హెచ్చరిస్తే తొమ్మిదిసార్లు ఏమీ కాదు. ఆ తొమ్మిదిసార్లూ పెద్దవాళ్లు పిరికివాళ్లుగా, చాదస్తులుగా, పిల్లల సరదా చెడగొట్టేవాళ్లుగా మిగిలిపోతారు. ఆ మాట పడలేక పదోసారి నోరు మూసుకుంటారు. అసలు ప్రమాదం అక్కడుంది.

పదోసారి ఏమవుతుందో మనం పత్రికల్లో చదివాం. 2014 జూన్ 8న హిమాచల్ ప్రదేశ్‌లో బియాస్ నది మధ్య బండల మీద మన హైదరాబాదు నుంచి విహారయాత్రకు వెళ్లిన ఇంజనీరింగ్ విద్యార్థులు ఫోటోలు దిగుతున్నారు. అక్కడ వాన లేదు. ఎగువన ఆనకట్ట నుంచి నీళ్లు వదిలారు. 24 మంది విద్యార్థులు, వారి వెంట ఉన్న యాత్రా నిర్వాహకుడు కొట్టుకుపోయారు. 2023 జూలైలో ములుగు జిల్లా ముత్యంధార జలపాతం చూసి తిరిగివస్తున్న సుమారు 80 మంది, దారిలో వాగు పొంగి అడవిలో చిక్కుకుపోయారు. జాతీయ విపత్తు దళం వారు వచ్చి క్షేమంగా బయటికి తెచ్చారు. 2024 జూన్ 30న మహారాష్ట్రలో లోనావాలా దగ్గర, భూషి డ్యాం వెనుకనున్న జలపాతంలో ఒక కుటుంబం విహారానికి వెళ్లింది. నీళ్లు ఒక్కసారిగా పెరిగాయి. ఒకరినొకరు పట్టుకుని ప్రవాహం మధ్య నిలబడ్డారు. ఒడ్డున జనం చూస్తుండగానే కొట్టుకుపోయారు. ఒక మహిళ, నలుగురు పిల్లలు, మొత్తం అయిదుగురు చనిపోయారు. ఆ దృశ్యం మీలో చాలామంది ఫోన్లలో చూసే ఉంటారు. వాళ్లు కూడా మనలాగే సద్ది కట్టుకుని, పిల్లలను తీసుకుని, ఒక్కరోజు సంతోషం కోసం వెళ్లినవాళ్లే.

పారే నీటి బలం మనిషికి అంచనా అందదు. ఒక ఘనపు మీటరు నీళ్లు ఒక టన్ను బరువు. వేగం రెట్టింపైతే తోపుడు నాలుగు రెట్లవుతుంది. ఆరు అంగుళాల లోతు నీళ్లయినా ఉరవడిగా పారితే పెద్ద మనిషిని పడగొట్టగలవు. రెండు అడుగుల ప్రవాహం చాలా మోటారు బండ్లను కొట్టుకుపోతుంది. మోకాలు లోతే కదా అనే మాట ఎంతమంది ప్రాణం తీసిందో ఆలోచించండి.

ఇంత చెప్పి, కాబట్టి జలపాతాలకు పోవద్దని అంటానని మీరు అనుకుంటే పొరపాటు. తప్పకుండా పొండి. పిల్లలను తీసుకుని పొండి. మనుమలు, మనుమరాళ్లు మనల్ని గుర్తుపెట్టుకునేది మనం కట్టిన ఇంటితో కాదు, వాళ్లతో గడిపిన ఇటువంటి రోజులతో. పోయేటప్పుడు ఒడ్డున కూర్చునే ఉద్యోగం మనం తీసుకుందాం. దానికి జీతం లేదు, డి.ఎ. లేదు. రిటైర్మెంటు కూడా లేదు. దాని విధులు కొన్ని చెబుతాను.

మొదటిది, పొద్దున బయలుదేరేముందు వాతావరణ శాఖ వారు ఆ జిల్లాకు ఏ హెచ్చరిక ఇచ్చారో చూసుకోవాలి. ఆరెంజ్, రెడ్ హెచ్చరిక ఉంటే ప్రయాణం వాయిదా. జలపాతం అక్కడే ఉంటుంది. రెండవది, మెట్లు దిగలేనివారు పైన, ఎగువ గుట్టలు కనిపించే చోట కూర్చోవాలి. దిగగలిగినవారు నీటి అంచుకు దూరంగా కూర్చుని ఒక గుర్తురాయి పెట్టుకోవాలి. మూడవది, నాలుగు గుర్తులు కనిపెట్టాలి. తేట నీళ్లు మట్టిరంగుకు తిరగడం, ఆకులు పుల్లలు గుంపుగా కొట్టుకురావడం, చప్పుడు బరువెక్కడం, గుర్తురాయి మునగడం. వీటిలో ఒక్కటి కనబడినా అందరినీ పైకి పిలవాలి. ఎగువన మబ్బు కనబడితే ఈ నాలుగూ కనబడేదాకా ఆగనక్కరలేదు. నాలుగవది, నీళ్ల చప్పుడులో కేక వినబడదు. ఫోను సిగ్నలు నమ్మడానికి లేదు. అందుకని ఒక ఈల జేబులో పెట్టుకోవాలి. మూడు ఈలలు వేస్తే పైకి రావాలని ఇంటి దగ్గరే చెప్పుకోవాలి. అయిదవది, నది మధ్యలోని బండ మీదికి ఎవరూ పోరాదు. నీళ్లు పెరిగితే ముందు తెగేది ఒడ్డుకూ ఆ బండకూ మధ్య దారి. ఆరవది, కాపలావారు, స్థానికులు వద్దన్నచోటికి పోరాదు. ఆ వాగు సంగతి వాళ్లకు తెలిసినంతగా మనకు తెలియదు. ఎవరైనా నీళ్లలో పడితే వెంట దూకవద్దు. తాడో, చీరో, పొడుగాటి కర్రో అందించి, 112కు గాని 108కి గాని ఫోను చేయించాలి.

మన ఒంటి సంగతి కూడా మరువరాదు. బి.పి., షుగరు మాత్రలు చేతిసంచిలోనే ఉండాలి, బండిలో కాదు. షుగరు మాత్ర వేసుకుని భోజనం ఆలస్యం చేయరాదు. జేబులో కాస్త బెల్లం ముక్క ఉంటే మంచిది. అడుగు పట్టు ఉన్న బూట్లు వేసుకోవాలి. కర్ర పట్టుకోవడానికి సిగ్గుపడనక్కరలేదు. మెట్లు దిగే ముందే, ఇవన్నీ మళ్లీ ఎక్కగలనా అని ఆలోచించుకోవాలి. కుంటాల మెట్లు కష్టమనుకున్నవారు బోథ్ మండలంలోని పొచ్చెర చూడవచ్చు. అది సుమారు 20 మీటర్ల ఎత్తు, వెడల్పుగా దూకుతుంది, ఎక్కువ దిగే పని ఉండదు. చూడటానికి చిన్నదైనా గుంట లోతైనది, అక్కడా ఇవే జాగ్రత్తలు. చీకటి పడకముందే ఘాట్ దిగేలా చూసుకోవాలి. తిన్న విస్తళ్లు, ప్లాస్టిక్ సీసాలు సంచిలో వేసుకుని వెనక్కు తెచ్చుకోవాలి.

మా ఇంటి సంగతి ఒక్కటి చెప్పి ముగిస్తాను. ఆరోజు తిరుగు ప్రయాణంలో, మనవడి అలక చూసి నాకు మనసు కొంచెం చివుక్కుమంది. మా ఇంటావిడ అది కనిపెట్టి మెల్లగా అంది: "కోపం తెచ్చుకోనియ్యుండ్రి. కోపం రేపటికి పోతది. పిల్లగాడు ఉంటడు." ఆమె చదివింది అయిదో తరగతి. ముప్పై ఏళ్ల సర్వీసులో వరద విధుల మీద నేను విన్న శిక్షణలన్నిటికంటె ఆ మాట పెద్దదని నాకనిపించింది.

మరుసటి ఏడాది సెలవుల్లో మళ్లీ ఎక్కడికైనా పోదామన్నప్పుడు మా అబ్బాయి మొదట అడిగిన ప్రశ్న, "బాపూ, అక్కడ పైన అమ్మ కూసునేందుకు జాగ ఉన్నదా?" అని. ఇంట్లో ఉంటే నయం గదా అన్న నోటనే ఆ మాట వచ్చింది. మబ్బు కథ నిజమైందనీ కాదు, అబద్ధమైందనీ కాదు. అమ్మ అక్కడ ఎందుకుందో వాడికి తెలిసింది.

మిత్రులారా, జీవితమంతా ఎవరి పొలానికో నీళ్లు సమయానికి అందాలని, ఎవరి ఊరో మునగకూడదని మనం రాత్రులు మేలుకున్నాం. ఇప్పుడు మన ఇంటి పిల్లల కోసం ఒక్క పగలు మేలుకుని కూర్చోవడం మనకు బరువు కాదు. ఈ వానాకాలం తరువాత మన సంఘం తరఫున కుటుంబాలతో సహా ఒక బస్సు వేసి కుంటాల, పొచ్చెర చూసి వద్దామని ప్రతిపాదిస్తున్నాను. కార్యవర్గం వారు పరిశీలించగలరు. మెట్లు దిగలేని వారి పేర్లు ముందుగా రాసుకోవలసిందిగా కోరుతున్నాను. పైన కూర్చోవడానికి మనుషులు కావాలి.